పావు తక్కువ మూడు

నా దగ్గర ఒక లాంగ్‌బుక్ ఉంది. 1999 నుంచీ చూసిన ప్రతి సినిమా పేరూ, చూసిన తేదీ, ఎదురుగా ఒక మార్కూ అందులో రాస్తూ వచ్చాను. అది నిండితే ఇంకోటి, అదీ నిండితే మరోటి. ఇప్పటికి నాలుగయ్యాయి. ఇల్లు మారినప్పుడల్లా మా ఆవిడ వాటిని పాత పేపర్ల కట్టలో కలిపెయ్యబోవడం, నేను లాక్కోవడం మామూలే. పోయినసారి అలా లాక్కుని అట్టపెట్టెల మధ్యే కూర్చుని తిరగేస్తుంటే ‘ఖలేజా’ రెండు చోట్ల కనబడింది. 2010 అక్టోబర్‌లో, విడుదలైన వారంలోనే చూసి అయిదుకి పావు తక్కువ మూడు వేశాను. 2017లో టీవీలో చూసి పావు తక్కువ నాలుగు వేశాను.

సినిమాలో ఒక్క షాటు మారలేదు. చూసిన కళ్లూ అవే, అయిదు మార్కుల పద్ధతీ అదే. మధ్యలో ఒక మార్కు ఎక్కణ్నుంచి వచ్చింది?

సినిమా చూసొచ్చి మార్కు వేసే అలవాటు మనలో చాలామందికి ఉంది. కొందరు ఫోన్లో వేస్తారు, కొందరు వాట్సాప్ గ్రూపులో, ఎక్కువమంది పార్కింగులో బండి తీస్తూ నోటితోనే వేసేస్తారు. దీని గురించి వ్యక్తిత్వ వికాస పుస్తకంలో ఒక అధ్యాయం దేనికంటారా? నిలకడగా తీర్పు చెప్పడం నేర్చుకోవడానికి ఇంతకంటే చౌక బడి నాకు కనబడలేదు. ఇక్కడ మార్కు తప్పయితే ఎవరి ఇంక్రిమెంటూ ఆగదు, ఎవరి సంబంధమూ తప్పిపోదు. తప్పులన్నీ ఇక్కడే చేసేసుకోవచ్చు.

వంద మార్కుల పేపరు

మొదట్లో నేను వందకి వేసేవాణ్ని. కథకి ముప్పై, నటనకి ఇరవై, మాటలకి పదిహేను, సంగీతానికి పదిహేను, కెమెరాకి పది, మిగతావన్నీ కలిపి పది. స్కేలు పెట్టి గళ్లు కూడా గీసుకున్నాను. ఎంత శాస్త్రీయంగా ఉందో అని మురిసిపోయిన మాట నిజం.

రెండు నెలల్లో గుట్టు బయటపడింది. అన్నీ తిన్నగా ఉండి ఏమీ అంటని సినిమాలకి డెబ్బై నాలుగు, డెబ్బై ఆరు వచ్చి పడుతున్నాయి. కథ అతుకుల బొంత, కెమెరా నాసి, అయినా రాత్రంతా నిద్ర పట్టనివ్వని సినిమాకి యాభై ఎనిమిది వచ్చింది. మనసు ఒప్పుకోలేదు. అప్పుడేం చేశాను? సంగీతానికి ఒక మూడు, నటనకి ఒక నాలుగు, ‘మిగతావన్నీ’ గడిలో ఇంకో అయిదు కలిపి డెబ్బైకి తెచ్చాను. పరీక్షల బోర్డులో దీన్ని మోడరేషన్ అంటారు. ఆ తర్వాత ప్రతి సినిమాకీ అదే జరిగింది. ముందు మొత్తం మనసులో అనుకోవడం, తర్వాత దానికి తగ్గట్టు గళ్లు నింపడం. లెక్క చేసి తీర్పు చెప్పడం పోయి, తీర్పు చెప్పేసి దొంగలెక్క రాయడం మొదలైంది. మీకూ విభాగాల వారీ మార్కుల పద్ధతి ఉంటే ఒక్కసారి గుండె మీద చెయ్యేసుకుని చూడండి, మొత్తం ముందు వస్తోందా, గళ్లు ముందు నిండుతున్నాయా?

ఆ పేపరు చించేసి అందరిలాగే అయిదుకి దిగాను. కానీ పావులు వదల్లేదు. పావు, అర, ముప్పావు లెక్కన అయిదుకి ఇరవై మెట్లు. మన వెబ్‌సైట్ల రేటింగులు చూడండి. పేరుకి అయిదు మార్కులే గానీ రెండుకీ మూడున్నరకీ మధ్య ఉన్న ఆ చిన్న జాగాలోనే సినిమాలన్నీ కిక్కిరిసి ఉంటాయి. అందుకే అక్కడ ఒక్కో పావుకీ అంత ప్రాణం. పావు తక్కువ మూడంటే యావరేజ్ అనీ, మూడంటే గట్టెక్కిందనీ చదువరులు సొంతంగా ఒక నిఘంటువు తయారు చేసుకున్నారు.

ఇరవై మెట్లు మన బుర్రకి అందవు. జార్జ్ మిల్లర్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త 1956లో ఒక వ్యాసం రాశాడు, ఇప్పటికీ చెప్పుకుంటారు. శబ్దం తీవ్రతలాంటి ఒకే గుణాన్ని ఎన్ని మెట్లుగా విడదీసి పొరబడకుండా గుర్తుపట్టగలం అన్నది అందులో ప్రశ్న. చాలా విషయాల్లో ఆ లెక్క ఏడు దగ్గరే ఆగిపోతోంది. ఉప్పదనం విషయంలో అయితే నాలుగు దాటడమే కష్టం. మన ఇళ్లలో ఈ సంగతి ఎప్పుడో తెలుసు. కొత్తావకాయ రుచి చూసి ఉప్పు చాల్లేదనో, సరిపోయిందనో, ఎక్కువైందనో అంటాం గానీ ఉప్పు మూడుంబావు ఉందని ఎవరూ అనరు. సినిమాకి మాత్రం అంటాం.

మనమొక్కళ్లమే కాదు

ఇది చదివి మీ మీద మీకు నమ్మకం పోకూడదు కాబట్టి పెద్దవాళ్ల సంగతి కూడా చెప్పాలి. రాబర్ట్ హాడ్జ్‌సన్ అని కాలిఫోర్నియాలో వైన్ తయారు చేసుకునే ఒక పెద్దాయన. గణాంకశాస్త్రం తెలిసినవాడు. తన సరుకుకి ఒక పోటీలో పతకం వచ్చి ఇంకో పోటీలో ఏమీ రాకపోవడం చూసి ఆయనకి అనుమానం వచ్చింది. 2005 నుంచి అక్కడి స్టేట్ ఫెయిర్ పోటీల్లో నిర్వాహకుల ఒప్పందంతోనే ఒక పని చేశాడు. ఒకే సీసాలోని వైన్‌ని మూడు గ్లాసుల్లో పోయించి, మిగతావాటి మధ్య కలిపి, అదే న్యాయనిర్ణేతకి ఇప్పించాడు. నాలుక పండిన నిపుణుల్లో ఆ మూడింటికీ దగ్గర దగ్గర మార్కు వేసినవాళ్లు పదిమందికి ఒక్కరు. ఆ ఏడాది కుదిరినవాళ్లకి మరుసటి ఏడాది కుదరలేదు.

సినిమాల్లో రోజర్ ఎబర్ట్ అమెరికాలో బాగా పేరున్న విమర్శకుడు. ఆయనది నాలుగు నక్షత్రాల పద్ధతి. ‘ద గుడ్, ద బ్యాడ్ అండ్ ది అగ్లీ’ కొత్తగా వచ్చినప్పుడు మూడు వేశాడు. ఏళ్ల తర్వాత అదే సినిమాని తన మహత్తర చిత్రాల వరసలో చేర్చి, అప్పట్లో తాను రాసిన వర్ణన నాలుగు నక్షత్రాలదే గానీ వేసింది మూడని ఒప్పుకున్నాడు. ఇటలీవాళ్లు తీసిన కౌబాయ్ సినిమా కళెలా అవుతుందన్న చిన్నచూపే కారణం కావచ్చన్నాడు. పాత మార్కుని దాచిపెట్టుకోకుండా పదిమందిలో పెట్టి మాట్లాడాడు చూడండి, అక్కడ నాకాయన గురువు.

ఇంకో ముక్క కూడా ఆయన దగ్గర నేర్చుకున్నాను. నక్షత్రాలు దేంతో పోల్చి వేస్తున్నామన్న దాన్నిబట్టి ఉంటాయని ఆయన వాదన. ఒక కామిక్ పుస్తకపు హీరో సినిమా బావుందా అని స్నేహితుడు అడిగితే, అలాంటి ఇంకో సినిమా పక్కన ఎలా ఉందనే అడుగుతున్నాడు. లోకంలోని గొప్ప విషాదగాథ పక్కన పెట్టి చెప్పమనడం లేదు.

ఈ మాట చదివాక నా ‘ఖలేజా’ మార్కు నాకు అర్థమైంది. 2010లో నేను హాలుకి వెళ్లింది ‘ఖలేజా’ చూడ్డానికి కాదు. త్రివిక్రమ్, మహేష్‌బాబు అంతకుముందు కలిసి చేసింది 2005 నాటి ‘అతడు’. అయిదేళ్లు ఆగి ఇంకో ‘అతడు’ కోసం వెళ్లాను. తెర మీద ఎడారిలో ఒక టాక్సీ డ్రైవరు వాగుతూ తిరుగుతుంటే నేను లోపల ‘అతడు’లోని పార్థు కోసం వెతుక్కుంటున్నాను. పావు తక్కువ మూడు అనేది ఆ వెతుకులాటకి వేసిన మార్కు. 2017 నాటికి ఆ ఎదురుచూపు లేదు, సినిమా ఒక్కటే మిగిలింది. నాలాగే చాలామందికి అలా జరిగినట్టుంది. థియేటర్లలో దెబ్బతిన్న ఆ సినిమాకి టీవీలో అభిమానులు పుట్టుకొచ్చారు. 2010 నవంబర్‌లోనే వచ్చి పోయిన ‘ఆరెంజ్’ని 2023లో మళ్లీ విడుదల చేస్తే కుర్రాళ్లు సీట్లెక్కి పాటలు పాడారు. మొత్తం ప్రేక్షకలోకమే మార్కు మార్చుకుంటుంటే మన లాంగ్‌బుక్ ఎంత?

ఇంటర్వెల్ అనే ఇంకో క్లైమాక్స్

గడిచిన అనుభవాన్ని మనం నిమిషం నిమిషం కూడి గుర్తుపెట్టుకోం. శిఖరం లాంటి ఒక ఘట్టం, చివరి ఘట్టం, ఈ రెండే ఎక్కువగా మిగులుతాయని డేనియల్ కానెమన్ బృందం చూపించింది. 1993లో అచ్చయిన ప్రయోగంలో మనుషుల చేతిని బాగా చల్లటి నీళ్లలో ఒక నిమిషం పెట్టించారు. ఇంకోసారి అదే నిమిషానికి మరో అరనిమిషం కలిపి, ఆ అరనిమిషంలో నీళ్లని కాస్తే కాస్త వెచ్చబరిచారు. మళ్లీ ఏది చేస్తారంటే ఎక్కువమంది రెండోదే కోరుకున్నారు. బాధ ఎక్కువసేపు ఉన్నదే, అయినా చివర కాస్త నయంగా ముగిసింది కదా!

బయటివాళ్ల సినిమాకి చివర ఒకటే. మనకి రెండు. ఇంటర్వెల్ బ్యాంగ్ అని మనవాళ్లు దానికో పేరే పెట్టి, కథ ఎక్కడికి పోయినా సరే అక్కడ మాత్రం గుండె ఝల్లుమనేలా రాసుకుంటారు. టీ తాగుతూ ‘ఫస్టాఫ్ అదిరింది’ అనేస్తాం. ఆ గంటంపావులో నలభై నిమిషాలు హీరోయిన్ కాలేజీ చుట్టూ తిరిగిన ల్యాగు అంతా ఆ అయిదు నిమిషాల్లో కొట్టుకుపోతుంది. దీని తిరగేత కూడా ఉంది. సెకండాఫ్ అంతా పట్టుగా నడిచి, క్లైమాక్స్ ఫైటు మూస అయిందంటే బయటికొస్తూ ‘తేలిపోయిందిరా’ అంటాం. తేలింది పది నిమిషాలే.

దీనికి నేను పెట్టుకున్న మందు చాలా మామూలుది. ఇంటర్వెల్లో టికెట్ వెనకాల ఒక అంకె రాస్తాను. ఇప్పుడు కాగితం టికెట్లు ఎక్కడున్నాయంటే ఫోన్లో రాస్తాను. అంకె పక్కన ఒక్కటే ప్రశ్న: చివరి సీను లేకపోతే ఎంత? ముగింపుకీ అంతే. క్లైమాక్స్ తీసేస్తే ఈ సినిమా నాకెంత? రెండు అంకెలూ వేరేగా వచ్చిన ప్రతిసారీ ఎక్కడ మోసపోతున్నానో తెలిసిపోతోంది.

ఆ రాత్రి వేసే మార్కు పెన్సిల్‌తోనే వేస్తాను. పెన్ను మర్నాడు, ఒక నిద్ర అయ్యాక. బెనిఫిట్ షో చూసి తెల్లవారుజామున వేసిన మార్కులు నా పుస్తకాల్లో కొన్ని ఉన్నాయి, వాటిని చూస్తే నాకే సిగ్గు. మన హీరో అయితే మార్కు వేసేది మనం కాదు, మన గొంతు.

మర్యాద మార్కు

నెట్‌ఫ్లిక్స్ వాళ్లు 2017లో నక్షత్రాలు తీసేసి బొటనవేలు పెట్టారు. జనం గంభీరమైన డాక్యుమెంటరీకి అయిదు వేసి, తేలికపాటి కామెడీకి మూడు వేసి, చూడ్డం మాత్రం ఆ కామెడీనే ఎక్కువగా చూస్తున్నారని వాళ్లు గమనించారు. ఎవరి మార్కు అబద్ధం? రెండూ నిజమే. ఒకటి గౌరవంతో వేసింది, ఒకటి ఇష్టంతో చూసింది. ఒక గడిలో రెండు ప్రశ్నలకి జవాబు రాయమంటే ఓ రోజు ఒకదానికి రాస్తాం, ఇంకో రోజు రెండోదానికి. నిలకడ పోయేది ఎక్కువగా ఇక్కడే.

నేను గడిని రెండుగా చీల్చాను, ఇష్టం ఒకటి, గౌరవం ఒకటి. ‘పథేర్ పాంచాలి’కి గౌరవం అయిదు. ఇష్టం? చాలాకాలం అయిదనే రాస్తూ వచ్చాను, ఎవరైనా చూస్తారేమోనని. తాళం వేసి ఉంచుకున్న పుస్తకంలో కూడా ఎవరో చూస్తారని భయం! చివరికి మూడు వేశాక ప్రాణం తేలికపడింది. చిన్నప్పుడు మా ఊరి టూరింగ్ టాకీసులో చూసిన జానపదం ఒకటుంది, దానికి తిరగబడ్డ లెక్క. ఈ రెండు గళ్లనీ కూడి రెండుతో భాగించకండి. అలా చేస్తే మళ్లీ వంద మార్కుల పేపరే.

తూకపురాళ్లు

కొట్లో తూకపురాళ్ల మీద తూనికలు కొలతల వాళ్ల ముద్ర ఉంటుంది. అరిగిపోయాయేమో చూసి మళ్లీ ముద్ర వేయించుకోవాలి కూడా. మన దగ్గర కాటా ఉంది, రాళ్లు లేవు. అందుకే నాలుగు అన్న మాట సోమవారం ఒక బరువు, శుక్రవారం ఇంకో బరువు.

నా పద్ధతి చెప్తాను, మీ రాళ్లు మీరు వెతుక్కోండి. పావులు మానేశాను. అర కూడా లేదు. అయిదే మెట్లు. ఒక్కో మెట్టుకి ‘బావుంది’, ‘చాలా బావుంది’ లాంటి మాట కాకుండా నేను చేసే పని ఒకటి రాసుకున్నాను. ఇష్టం గడిలో అయిదంటే ఎవరూ అడక్కపోయినా నలుగురిని కూర్చోబెట్టి, వాళ్ల మొహాలు చూస్తూ మళ్లీ చూస్తాను. నాలుగంటే టీవీలో మధ్యలో తగిలినా రిమోట్ కింద పెట్టేస్తాను. మూడంటే చూసినందుకు విచారం లేదు, మళ్లీ చూడను. రెండంటే ఇంటర్వెల్లో ఇంటికెళ్లిపోదామనిపించి టికెట్ డబ్బులు గుర్తొచ్చి కూర్చున్నాను. ఒకటంటే లేచొచ్చేశాను. చాలా బావుందా, బావుందా అన్నది తేల్చడం కష్టం. రిమోట్ కింద పెట్టానా లేదా అన్నది పిల్లవాడు కూడా చూసి చెప్తాడు.

తర్వాత ఒక్కో మెట్టు మీద ఒక్కో రాయి. ఎన్నిసార్లు తలుచుకున్నా మార్కు కదలని సినిమానే రాయి అవుతుంది. నా అయిదు 1957 నాటి ‘మాయాబజార్’. నాలుగు మీద ‘అతడు’ ఒకటి, కామెడీలకి విడిగా జంధ్యాల ‘అహ నా పెళ్ళంట’ ఒకటి. నవ్వు సినిమాని యాక్షన్ సినిమా రాయితో తూస్తే ఎప్పుడూ తక్కువే తూగుతుంది, అందుకే రెండు రాళ్లు. మూడు, రెండు, ఒకటి మెట్ల మీద రాళ్ల పేర్లు చెప్పను, వాళ్లూ కష్టపడే తీశారు.

కొత్త సినిమా ఏ మెట్టో తేలకపోతే అంకె కోసం తన్నుకోకండి. రాయి పక్కన పెట్టి ఒకటే అడగండి: ఈ రాత్రి ఈ రెంటిలో ఒకటే చూడాలంటే ఏది? ఒంటరిగా దేనికీ అంకె వెయ్యలేని మనిషి, రెండు ఎదురుగా పెడితే ఠక్కున చెప్తాడు. మామిడిపండ్ల బండి దగ్గర మనందరం చేసే పనే ఇది. లూయీ థర్స్‌టన్ అనే ఆయన 1927లోనే దీని మీద ఒక కొలత సిద్ధాంతం కట్టాడు.

అంకె పక్కన ఒక్క వాక్యం రాయడం మాత్రం మానకండి. ఈ అధ్యాయం మొత్తంలో ఒక్కటే చేస్తానంటే ఇది చేయండి. 2006లో ‘బొమ్మరిల్లు’కి నాలుగు వేశాను. రెండేళ్ల కిందట మా అమ్మాయితో కలిసి చూసి మళ్లీ నాలుగే వేశాను. ఎంత నిలకడ! పక్కన రాసినవి చదివితే తెలిసింది. మొదటిసారి, ‘తండ్రి మీద తిరగబడే ఆ మాటల కోసం’ అని ఉంది. రెండోసారి, ‘ఆ మాటలు విన్నప్పుడు ప్రకాష్‌రాజ్ మొహం కోసం.’ అంకె కదల్లేదు, మనిషి బల్లకి ఇటువైపు నుంచి అటువైపుకి వెళ్లి కూర్చున్నాడు. ఒట్టి అంకెలే ఉండి ఉంటే నేను మారలేదని నమ్మేవాణ్ని.

ఏడాదికోసారి, సంక్రాంతి సెలవుల్లో, పాత పుస్తకాల్లోంచి ఇరవై పేర్లు తీసి, మార్కుల మీద కాగితం కప్పి మళ్లీ వేస్తాను. పోయినసారి ఆరు ఒక మెట్టు అటో ఇటో జరిగాయి. దానికి కంగారు లేదు. రెండు మెట్లు జరిగిన సినిమా ఉంటే దాన్ని మళ్లీ చూస్తాను. పాత మార్కు మాత్రం కొట్టెయ్యను, కింద కొత్తది రాసి తేదీ వేస్తాను.

ఆఫీసులో పదిమందికి అప్రైజల్ రాసే వాళ్లుంటే ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. డిసెంబర్‌లో ఒకాయన చేసిన తప్పు ఏడాది పనినంతా మింగేస్తోందా? కష్టపడే మనిషికి మర్యాద మార్కు, నవ్వించే మనిషికి ఇష్టం మార్కు ఒకే గడిలో పడుతున్నాయా? పైన రాసినవన్నీ పేర్లు మార్చి వాడుకోవచ్చు.

ఒక హెచ్చరిక. హాల్లో సినిమా నడుస్తుండగా లోపల మార్కు లెక్క మొదలైతే పుస్తకం ఒక నెల అటకెక్కించండి. నాకు రెండుసార్లు అలా అయింది. రెండోసారి ఏకంగా మూడు నెలలు మానేశాను.

‘ఖలేజా’ 2025 మే 30న మళ్లీ థియేటర్లకి వచ్చింది. వెళ్లాను. నాలుగో పుస్తకంలో దాని మూడో పద్దు ఇలా ఉంది: ‘ఇష్టం 4, గౌరవం 3. చుట్టూ కేకలు. డైలాగులు తెర కంటే ముందు హాలే చెప్పేసింది. ఇంట్లో ఒక్కణ్నే ఇంకోసారి చూడాలి.’ అది ఇంకా పెన్సిల్‌తోనే ఉంది.